లీటరుకు ఆరు తక్కువ

బండి చిన్నదే. నలుగురు ఎక్కితే ఐదోవాడు బయట నిలబడి చెయ్యి ఊపాల్సిందే. అయినా ఆ బుల్లి తెల్లకారు ఒక మనిషిని పెట్టిన తిప్పలు ఇన్నీ అన్నీ కావు. ఆ మనిషి రక్తపరీక్షల ల్యాబులో డ్రైవరు. తెల్లవారగానే బయల్దేరి ఊళ్ళోని చిన్న చిన్న ఆసుపత్రులన్నీ తిరుగుతాడు. రక్తం గొట్టాల పెట్టెలు తెచ్చి ల్యాబులో జాగ్రత్తగా అప్పజెబుతాడు. కారు రాత్రిళ్ళు ఆయన ఇంటి ముందే ఉంటుంది. ఉంటుందన్న మాటే గానీ, అది కంపెనీ బండి అని కట్టుకున్న భార్యను కూడా ఏనాడూ ఎక్కించుకోలేదు. మరీ ఇంత చాదస్తమా అని ఆవిడ మూతి విరిస్తే, నవ్వి ఊరుకునేవాడు. అలాంటి మనిషి మీద ఇప్పుడు దొంగ అనే ముద్ర పడబోతోంది.

సంగతేమిటంటే, లీటరుకు పద్దెనిమిది కిలోమీటర్లు రావలసిన బండి కొంతకాలంగా పన్నెండే ఇస్తోంది. ల్యాబులో సరిగ్గా అలాంటి కారే ఇంకొకటి ఉంది. దాన్ని నడిపేది ఇంకో డ్రైవరు, మీసాలాయన. ఆయనకు పద్దెనిమిదీ నిక్షేపంగా వస్తోంది. మేనేజరు బండిని షెడ్డుకు పంపించాడు. వాళ్ళు ఇంజన్ చూశారు, ప్లగ్గులు చూశారు, ఎక్కడైనా పెట్రోలు కారుతోందేమోనని కింద పడుకుని మరీ చూశారు. అంతా భేషుగ్గా ఉందన్నారు. ఇక మిగిలింది డ్రైవరే కదా!

మేనేజరు వయసులో చిన్నవాడు. గొంతు పెంచి మాట్లాడడు. అదే పెద్ద భయం.

"సోమవారం నేనూ నీతో వస్తా. పొద్దున ట్యాంకు నిండా పోయించి బయల్దేరదాం. సాయంత్రం మళ్ళీ నిండా పోయిద్దాం. ఎంత తాగిందో తేలిపోతుంది" అన్నాడు.

"అలాగే సార్."

"బండి రాత్రిళ్ళు మీ ఇంటి దగ్గరే ఉంటుంది కదూ?"

"అవున్సార్" అనేసి బయటికొచ్చాడు. గేటు దాటాక గానీ ఆ ప్రశ్నకు అర్థం తెలియలేదు. పెట్రోలు తీసి అమ్ముకుంటున్నానని అనుమానమన్నమాట! వెనక్కి పోయి నాలుగు మాటలు అడుగుదామనుకున్నాడు. ఏం అడుగుతాడు? అనని మాటకు జవాబు చెబితే, తనంతట తానే ఒప్పుకున్నట్టుంటుంది. నోరు మూసుకుని ఇంటిదారి పట్టాడు.

భార్య బట్టలు కుడుతుంది. ముందు గదిలోనే మిషను. విషయం వినగానే మిషను ఆపేసింది. "దొంగా? మీరా? పొరుగింటివాళ్ళ దగ్గర అగ్గిపుల్ల తెచ్చినా తిరిగిచ్చేసి వచ్చే రకం మీరు!" అని ఒంటికాలి మీద లేచింది. తర్వాత గొంతు తగ్గించి, "సోమవారం పద్దెనిమిది రాకపోతే?" అంది.

ఆ ఒక్క ప్రశ్న ఆయన్ని పట్టుకుని పీడించింది. పద్దెనిమిది రావాలి. ఎలాగైనా రావాలి. వస్తే పరువు దక్కుతుంది, లేకపోతే లేదు. ఇంక ఆయనకు వేరే ఆలోచన లేదు.

కష్టం వచ్చిందని తెలియడమే ఆలస్యం, సలహాలకేం కొదవ? బావమరిది స్కూటరేసుకుని మరీ వచ్చాడు. "బావా, టైర్లలో గాలి సరిచూడు. చల్లగా ఉన్నప్పుడే చూడాలి, ఎండలో తిరిగొచ్చాక చూస్తే తప్పు చూపిస్తుంది" అన్నాడు. అది మంచి మాటే, చేశాడు. డిక్కీలో చెత్తంతా తీసేయమన్నాడు. పాత గొడుగు, నీళ్ళ డబ్బా, ఎప్పటివో ఖాళీ పెట్టెలు, అన్నీ తీసేశాడు. ఏసీ వేయొద్దన్నాడు. ఆపేసి చెమటలు కక్కుకుంటూ నడిపాడు. ఎర్రలైటు దగ్గర ఇంజన్ ఆపాడు. యాక్సిలరేటరు మీద పాదం కింద కోడిగుడ్డు ఉందనుకున్నాడు. ఇన్ని చేస్తే పదమూడు వచ్చింది.

"దిగుడు రోడ్డు మీద ఇంజన్ ఆపెయ్ బావా, బండి దానంతటదే జారుతుంది, పైసా ఖర్చుండదు" అన్నాడు బావమరిది చివరికి. మనిషి కంగారులో ఉంటే ఎంత పిచ్చిమాటైనా చెవికెక్కుతుంది. వంతెన దిగుతూ తాళం తిప్పేశాడు. అంతే, స్టీరింగు బిగుసుకుపోయింది, బ్రేకు రాయిలా గట్టిపడింది. ఎదురుగా బస్సు. రెండు కాళ్ళతో తొక్కి, పళ్ళు బిగించి, ఎలాగో తాళం మళ్ళీ తిప్పి పక్కకు లాగాడు. పై ప్రాణాలు పైనే పోయాయి. ఇంటికొచ్చి బావమరిదికి ఫోను చేసి నోటికొచ్చినట్టు తిట్టాడు. "పోనీ బావా, అద్దాలు ఎక్కించి చూశావా?" అన్నాడతగాడు ఏమీ జరగనట్టు.

అసలు సంగతి పట్టుకుంది భార్య. శనివారం మధ్యాహ్నం దారం కోసం తమ్ముడి స్కూటరు వెనక కూర్చుని బజారుకు పోతుంటే, ముందు మొగుడి కారు కనిపించింది. చాలా దూరం దాని వెనకే పోయారు. సాయంత్రం ఆయన చెప్పులు విప్పకముందే అడిగింది.

"ఏమండీ, మీ బండి వెనక ఎర్రలైట్లు ఎందుకు వెలుగుతూనే ఉన్నాయి?"

"ఎప్పుడు?"

"ఎప్పుడేంటి, ఉన్నంతసేపూ! రోడ్డంతా ఖాళీ, మీ ముందు పురుగు కూడా లేదు. లైట్లు మాత్రం ఆరలేదు."

ఆయన వెళ్ళి కార్లో కూర్చున్నాడు. ఆవిడ వెనక నిలబడింది. ఊరికే, ఎప్పుడూ కూర్చున్నట్టే కూర్చున్నాడు. "వెలిగాయి" అంది ఆవిడ. వంగి కాళ్ళ వైపు చూసుకున్నాడు. అది గేర్లు మార్చే పనిలేని బండి, అందులో ఎడమకాలికి పనే లేదు. ఆ పనిలేని కాలు తిన్నగా పోయి బ్రేకు మీద కూర్చుని ఉంది! ఒక కాలు బండిని పొమ్మంటుంటే రెండో కాలు వద్దంటోంది. ఇంక పెట్రోలు మండక ఏం చేస్తుంది?

"ఎప్పట్నించి ఇలా?" అంది ఆవిడ, వచ్చి పక్క సీట్లో కూర్చుంటూ. ఆ సీట్లో కూర్చోవడం అదే మొదటిసారి. ఇద్దరూ ఆ సంగతి గమనించే స్థితిలో లేరు.

ఆయన నెమ్మదిగా చెప్పాడు. బడి ఉన్న వీధిలో ఒకరోజు బంతి ఒకటి దొర్లుకుంటూ వచ్చింది. బంతి వెనక ఒక పిల్ల. బ్రేకు పడింది, బండి ఆగింది. పిల్లకు ఏమీ కాలేదు. బంతి తీసుకుని, ఈయన వైపు చూసి నవ్వి, పరుగెత్తి పోయింది. అంతే. ఎవరూ చూడలేదు, ఎవరూ ఏమీ అనలేదు. అనడానికేముంది గనక?

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పను? ఏమీ జరగలేదుగా."

ఆవిడకు ఏడుపొచ్చింది గానీ ఏడ్చే తీరిక లేదు. సోమవారం ముంచుకొస్తోంది. ఆదివారం ఊరి చివర ఖాళీ రోడ్డు మీదికి బండి తీయించింది. ఆ తిరుగుడుకయ్యే పెట్రోలు ఈయన తన జేబులోంచే పోయించాడనుకోండి, అది వేరే సంగతి. ఆవిడ బట్టలు కొలిచే చెక్కస్కేలు పట్టుకుని పక్కన కూర్చుంది. ఎడమకాలు కదిలితే చాలు, మోకాలి మీద ఠపీమని ఒక్కటి. "తియ్యండి!" మళ్ళీ ఠపీ. "తియ్యమన్నానా!" బడిపిల్లాడికి కూడా అన్ని దెబ్బలు పడి ఉండవు. పొద్దు వాలేసరికి ఆ కాలు బుద్ధిగా తన చోట తాను పడి ఉండటం నేర్చుకుంది.

సోమవారం వచ్చింది. మేనేజరు పక్కన కూర్చున్నాడు. డ్రైవరు ఒళ్ళంతా ముచ్చెమటలు. అయినా కాలు కదల్లేదు. ఎంత నున్నగా నడిపాడంటే వెనక పెట్టెల్లో గొట్టాలు చప్పుడు చెయ్యలేదు. కూడళ్ళలో ఎర్రలైట్లను దూరం నుంచే చూసి నెమ్మదించాడు, ఎక్కడా తొందరపడలేదు, ఎక్కడా గింజుకోలేదు. బడివీధిలో పిల్లలింకా బయటికి రాలేదు, రోడ్డు ఖాళీ. ఊపిరి బిగబట్టి దాటేశాడు. సాయంత్రం బంకు దగ్గర మళ్ళీ నిండా పోయించారు. మేనేజరు ఫోనులో లెక్క కట్టాడు. పద్దెనిమిదిన్నర! డ్రైవరుకు కళ్ళ నీళ్ళు తిరిగినంత పనైంది. ఇంటికి ఫోను చేద్దామని జేబులో చెయ్యి కూడా పెట్టాడు.

"అయితే బండిలో లోపం లేదన్నమాట" అన్నాడు మేనేజరు.

"లేదు సార్, అస్సలు లేదు!"

"నేను పక్కనుంటే పద్దెనిమిదిన్నర. లేకపోతే పన్నెండు." మేనేజరు ఫోను జేబులో పెట్టుకున్నాడు. "మరి మిగతా ఆరూ ఎటు పోయినట్టు?"

డ్రైవరుకు తల కొట్టేసినట్టయింది. అయ్యో! ఇంత చిన్న సంగతి తట్టలేదే! ఎప్పటిలా నడిపి పన్నెండు చూపించి ఉంటే, పాపం మనిషి మంచివాడే, బండే పాడైంది అనేవాళ్ళు. రాత్రీపగలూ కష్టపడి, మోకాలు వాచేట్టు దెబ్బలు తిని, తన దొంగతనానికి తానే సాక్ష్యం తయారుచేసుకున్నాడు. మొగుడూ పెళ్ళామూ కూర్చుని చేసిన తెలివైన పని ఇదీ!

"రేపట్నించి రానక్కర్లేదు" అన్నాడు మేనేజరు, ఎప్పటిలాగే నెమ్మదిగా.

అప్పుడు చెప్పాడు. బంతి సంగతి, పిల్ల సంగతి, కాలి సంగతి. డ్రైవరుగా బతికేవాడు నాకు బండి నడపాలంటే భయం అని నోటితో చెప్పుకోవడం కన్నా నరకం ఇంకోటి ఉండదు. చెప్పాడు. మాటలు తడబడ్డాయి, అయినా పూర్తిగా చెప్పాడు.

మేనేజరు పెదవి విరిచాడు. "కథ బాగుంది."

"సార్, ల్యాబు దగ్గర మీసాలాయన మోటారుసైకిలు ఉంటుంది. అది తీసుకుని నా వెనక రండి. ఆ వీధిలోంచే పోతాను. మీ కళ్ళతో మీరే చూడండి."

ఏమనుకున్నాడో ఏమో, మేనేజరు సరేనన్నాడు. ల్యాబు దగ్గర్నించి ముందు కారు, వెనక మోటారుసైకిలు. డ్రైవరు బతిమాలుకోని దేవుడు లేడు. ఇన్నాళ్ళూ పోవాలని మొక్కుకున్న భయం ఇప్పుడు రావాలని మొక్కుకుంటున్నాడు. కాలు మాత్రం కింద హాయిగా పడుకుని ఉంది. మలుపు వచ్చింది, కదల్లేదు. బడివీధిలోకి తిరిగాడు, కదల్లేదు. కాలు ఎత్తి బ్రేకు మీద పెట్టేద్దామా అనుకున్నాడు. ఎవరికి తెలుస్తుంది? కానీ అలా పెడితే అది అబద్ధం. అగ్గిపుల్ల అప్పు తీర్చే మనిషికి ఆ అబద్ధం చేతకాలేదు. పోయింది, అంతా పోయింది అనుకున్నాడు.

అంతలో బడి విడిచారు. గేటులోంచి పిల్లలు ఒక్కసారిగా రోడ్డు పొడవునా పరుచుకున్నారు. సంచులూ అరుపులూ తోపులాటలూ. ఆయన వాళ్ళనే చూస్తున్నాడు. వెనక మేనేజరున్నాడన్న సంగతే మరిచిపోయాడు. వీధి చివర బండి ఆపేసరికి చొక్కా వీపుకు అతుక్కుపోయింది. మేనేజరు వచ్చి అద్దం మీద తట్టాడు. వంగి లోపలికి చూశాడు. ఎడమకాలు బ్రేకు మీద ఉంది. ఎప్పుడు వెళ్ళిందో ఆయనకు తెలియదు.

"వీధంతా ఎర్రలైట్లు వెలుగుతూనే ఉన్నాయి" అన్నాడు మేనేజరు. "నేను తప్పుగా అనుకున్నా. ఏమీ అనుకోవద్దు." చెయ్యి చాచాడు. "కానీ ఇలాంటి మనిషి చేతికి బండి ఎలా ఇవ్వను? తాళం ఇటివ్వండి."

అంతవరకూ నువ్వు అన్న మనిషి మొదటిసారి మీరు అన్నాడు. డ్రైవరు తాళం ఇచ్చేసి నడుచుకుంటూ ఇంటికొచ్చాడు.

భార్య గుమ్మంలోనే ఉంది. "బండేది?" అంది. ఆయన మంచినీళ్ళు తాగి అంతా చెప్పాడు. దొంగ కాదన్నారనీ, బండి ఇంక వేరేవాళ్ళు నడుపుతారనీ, రేపట్నించి ల్యాబులో గొట్టాల మీద పేర్లు అంటించే పని ఇచ్చారనీ. జీతం తగ్గుతుందనీ.

"ఇదేం న్యాయం?" ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది. "పిల్లలకేమవుతుందోనని భయపడేవాడి దగ్గర లాక్కుని, ఏ భయమూ లేనివాడి చేతిలో పెడతారా! పదండి, నేనొచ్చి అడుగుతా."

ఆయన ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"వద్దే. తాళం ఆయన చేతిలో పెడుతున్నప్పుడు నాకు బాధ కలగలేదు." తాళం ఉండే జేబు తడుముకున్నాడు. "అమ్మయ్య అనిపించింది."

ఆ మాట అన్నాక ఇంక ఆపుకోలేకపోయాడు. గుమ్మంలోనే కూర్చుని, పిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆవిడ పక్కన కూర్చుని వీపు నిమురుతూ ఉండిపోయింది.