దిగుడుబావి నీళ్లు

పంతొమ్మిదివందల నలభై ఒకటో సంవత్సరం గద్వాల జాతరకు పోయేటప్పుడు నా వెంట ఉన్నవి మూడు కుండలు, పదహారు గ్లాసులు, అరమణుగు బెల్లం, శొంఠి యాలకుల మూట, నారికురుపుతో కుంటుతున్న పెండ్లాం కిష్టమ్మ. ఆ రెండు రోజుల పానకంతోనే మా వానాకాలం గింజలు కొనుక్కోవాలి.

చేదబావి దగ్గరలోనే ఉన్నా, దానివి ఉప్పు నీళ్లు. పానకానికి దిగుడుబావి నీళ్లే రుచి. తెల్లారి అక్కడికే పోయాం. కిష్టమ్మ పాదం మీది కురుపులోంచి దారంలాంటి నారు పురుగు తొంగిచూస్తోంది. మంటకు తాళలేక కింది మెట్టు మీద కూర్చుని కాలు నీళ్లలో పెట్టింది. మా దిక్కు నారు పడ్డవాళ్లంతా చేసే పనే అది. నేను పక్క మెట్టు నుంచి కుండలు ముంచుకున్నాను.

పొద్దెక్కాక, జాతరలో శుభ్రత చూసే సంస్థానం సఫాయి దారోగా జలాలుద్దీన్ సాబ్ మా పానకం కుండల దగ్గరికి వచ్చాడు. అప్పటికే మిఠాయి నర్సింహులు తట్టలోని సరుకంతా, ఈగలు మూగాయని గుంతలో పోయించాడు.

"నీళ్లు యాడియి?"

"దిగుడుబావియి సాబ్. గద్వాలల గంత తియ్యటియి దొరకయి."

బెల్లం కలపని కుండలోంచి తన గాజు గ్లాసు నింపి ఎండకు ఎత్తి పట్టాడు. నాకు నీళ్లే కనపడ్డాయి. భూతద్దం చేతికిచ్చాడు. సూదిమొనంత తెల్లటి చుక్కలు. ఒకటి ఎగిరింది. ఆగింది. మళ్లీ ఎగిరింది. ముప్పై ఏళ్లుగా మా ఊళ్లో నేను తాగుతున్నవీ ఇలాంటి దిగుడుబావి నీళ్లే.

"నారు వీటితోనే వస్తది ఈరన్నా. నీళ్లల కాలు పెడ్తే పురుగు పిల్లల్ని ఇడుస్తది. ఇవి వాటిని మింగుతయి. మీరు వీటిని మింగుతరు. ఏడాది తిరిగేసరికి కాలు పగుల్తది."

కిష్టమ్మ తన కాలు చీరలోకి లాక్కుంది. పొద్దున్నుంచి ఎంతమంది తాగారో లెక్కవేయబోయి మానుకున్నాను.

"అన్నీ పారబొయ్యి."

"సాబ్, ఉప్పు పానకం ఎవ్వడు తాగుతడు? వడగడ్త, జర ఆగుర్రి."

తలగుడ్డ విప్పి వడగట్టాను. గ్లాసులో ఇంకా మూడు ఎగురుతూనే ఉన్నాయి. దారోగా నవ్వాడు. "నీ తలగుడ్డల బర్రె గూడ దూరుతది!"

అప్పుడు కిష్టమ్మ మూట విప్పింది. సాలెవాళ్ల బిడ్డ ఆమె. జాతరలో కట్టుకోవాలని దాచుకున్న చీర తీసింది.

"మా నాయిన నేసిండు సాబ్. గాలి గూడ అడిగి పోవాలె దీంట్లకెళ్లి."

నాలుగు మడతలు వేసి కుండ మూతికి కట్టింది. వడగట్టిన నీళ్లు దారోగా చాలాసేపు చూసి గ్లాసు నాకిచ్చాడు. అందులో ఎండ తప్ప ఏమీ లేదు. తర్వాత తడి చీర మీద భూతద్దం పెట్టి చూపించాడు. ఆ చుక్కలన్నీ నూలుకు చిక్కుకొని కొట్టుకుంటున్నాయి. మా మామ మగ్గం ముందు ఎన్నిసార్లు కూర్చున్నానో! ఆ పోగులు ఎంత దగ్గరగా పడ్డాయో ఆనాడే చూశాను.

"అమ్ముకో," అన్నాడు దారోగా నాతో. కిష్టమ్మ దిక్కు తిరిగి చెప్పాడు: "నువ్వు మాత్రం బావిల కాలు పెట్టొద్దు బిడ్డా."

అంతా ఆ చీరతో వడగట్టి అమ్మితే పానకం చుక్క మిగల్లేదు. కిష్టమ్మ పాత చీరతోనే జాతర తిరిగింది. ఆ కొత్త చీర ఇంటి నీళ్ల కుండకే అంకితమైంది.

అంతకుముందు ఏటా నారుకు ఆమెవి నలభై రోజులు, నావి పాతిక రోజులు మంచానికే పోయేవి. కడుపులో ముందే చేరినవి ఇంకో ఏడాది బాధపెట్టాయి. ఆ పై ఏడాది జాతరనాడు లెక్క చూసుకున్నాను. పోయింది ఒక చీర. వచ్చినవి అరవై ఐదు రోజులు, నాలుగు మంచి కాళ్లు.