రాహుకాలం రాకముందు

ఏలూరు ఆసుపత్రి వరండాలో నిలబడ్డ జీవరత్నం చేతులకి ఇంకా గ్రీజు అంటుకునే ఉంది. కడుక్కోవాలని తోచలేదు. పొద్దున ఆ చేతులతోనే నిత్యానందాన్ని డోజరు బ్లేడు కింద నుంచి బయటికి లాగాడు. తలుపు అవతల ఇప్పుడున్నది శవం. ఇవతల బెంచీ మీద నిత్యానందం భార్య ప్రసన్నలక్ష్మి, ఏడ్చి ఏడ్చి కూర్చుని ఉంది.

డోజర్లకి మట్టి తోసే ఇనుప బ్లేడ్లు బిగించడం ఆ ఇద్దరి పని; జీవరత్నం మేస్త్రీ. తాడేపల్లిగూడెం షెడ్డులో ఏళ్ళ తరబడి ఒక్క క్యారేజీలో అన్నం తిన్నారు. షెడ్డు యజమాని శేషగిరిరావు గుండుగొలను దగ్గర చేపల చెరువుకి గట్టు వేసే పని పట్టి, డోజరుకి వెడల్పాటి కొత్త బ్లేడు తెప్పించాడు. ఇవాళ శుక్రవారం. పదిన్నరకి రాహుకాలం. ఈలోగానే బ్లేడు బిగించి, కొబ్బరికాయ కొట్టి, తొలి మట్టి తొయ్యాలిట. ఇనుముకి శుభం కావాలి మరి, దాని కింద దూరే మనిషి శుభం ఎవడిక్కావాలి!

బ్లేడుని గొలుసుతో క్రేనుకి వేలాడదీశారు. ఒకవైపు పిన్ను దిగింది. రెండోవైపు డోజరు ఇనుప చేతికున్న రంధ్రమూ బ్లేడు రంధ్రమూ కలవలేదు. మధ్యలోకి దూరి గునపంతో సరిచెయ్యాలి. దూరేముందు బ్లేడు కింద చెక్క దుంగలు పెట్టడం పద్ధతి. గొలుసు జారినా అవి ఆపుతాయి.

"దుంగలు లారీలోనే ఉన్నాయి మేస్త్రీ, తెచ్చేస్తాను," అన్నాడు నిత్యానందం.

శేషగిరిరావు వాచీ చూసుకున్నాడు. "ఇంకెప్పుడయ్యా? పంతులుగారు కాయ పట్టుకుని నిలబడ్డారు."

జీవరత్నం యజమాని మొహం చూశాడు. ఆ మొహం చిట్లితే చాలు, అతను కాదనలేడు. "ఈ ఒక్కసారికీ కానిచ్చెయ్‌రా, దూరు," అన్నాడు.

నిత్యానందం గునపం తీసుకుని దూరాడు. క్రేను కొక్కెం నుంచి గొలుసు జారి, బ్లేడు అతని మీద పడింది.

శేషగిరిరావు వరండాలోకి వచ్చి, జీవరత్నం భుజం మీద చెయ్యేసి పక్కకి తీసుకెళ్ళాడు. "ఎస్సైగారు వస్తున్నారు. వాడు తాగొచ్చాడని చెప్పు. తప్పు వాడి మీదకి పోద్ది, మనకే గొడవా ఉండదు. నీ పని నీకుంటుంది. ఆవిణ్ణి కూడా నేను చూసుకుంటాలే."

"వాడు తాగడండీ బాబుగారూ."

"నాకు తెలీదా? పోయినోడికి మాటొస్తే ఏంటయ్యా ఇప్పుడు?"

ప్రాణం తీశాం, ఇంక పరువు కూడా తియ్యాలా అనుకున్నాడు జీవరత్నం.

ఎస్సై వచ్చి అడిగాడు. జీవరత్నం తల వంచుకునే చెప్పాడు. "తాగలేదండి. దుంగలు పెడతాననే అన్నాడండి. రాహుకాలం వచ్చేస్తోందని బాబుగారు కంగారు పెట్టారండి."

"నోరు ముయ్యవయ్యా," అన్నాడు శేషగిరిరావు గొంతు తగ్గించి.

"ముయ్యనండి," అన్నాడు జీవరత్నం. యజమాని మాటకి అతను ఎదురు తిరగడం అదే మొదటిసారి. మళ్ళీ ఎస్సై వైపు తిరిగాడు. "బ్లేడు కింద దూరమని చెప్పింది మాత్రం నేనండి."

ప్రసన్నలక్ష్మి తలెత్తింది. "మీరా అన్నయ్యగారూ?"

"నేనేనమ్మా."

ఆమె బెంచీ మీద ఆ చివరికి జరిగింది. కూర్చోమని జరిగిందో, అతని నీడ కూడా తన మీద పడకూడదని జరిగిందో జీవరత్నానికి తెలీలేదు. అతను నిలబడే ఉన్నాడు.