ఆరిపోయిన సాక్షి

నేను ఒక కంప్యూటర్‌ను. జాలి కథ కోసం వచ్చినవాళ్లు వేరే దుకాణం చూసుకోండి. నేను పుచ్చుకున్నదేమిటో, ఇచ్చిందేమిటో చెబుతాను. తూకం మీరే వేసుకోండి.

నాకు పుట్టిన ఊరంటూ ఒకటి లేదు. నా మెదడు ఒక దేశానిది, తెర ఇంకో దేశానిది, పెట్టె మరో దేశానిది. వాటన్నిటినీ సికింద్రాబాద్‌లో ఒక మేడమీద గదిలో స్క్రూలు బిగించి ఒక్కటి చేశారు. కరెంటు అందించే డబ్బా మాత్రం చవకరకం వేశారు. నా బతుకంతా ఆ ఒక్క బేరం మీదే నడిచింది. అది వేడెక్కితే నేను ఆరిపోతాను. ఎప్పుడు వేడెక్కుతుందో దానికీ తెలియదు, నాకూ తెలియదు.

మొదట నిజామాబాద్‌లో ఒక ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చున్నాను. మనుషుల గురించి నేను నేర్చుకున్నదంతా అక్కడే. ఉద్యోగాల దరఖాస్తులకు వచ్చేవాళ్లు పాస్‌వర్డ్ ఎవరికీ కనబడకుండా ఒక చేత్తో కీబోర్డును కప్పి, ఒక్కో అక్షరం పైకి చదువుతూ కొట్టేవాళ్లు. పక్కవాడు వినేవాడు, నేనూ వినేదాన్ని. అందరికీ ఫోన్లు వచ్చాక ఆ సెంటర్ మూతపడింది. ఊరి బయటి ఇంజనీరింగ్ కాలేజీ మమ్మల్ని గంపగుత్తగా కొన్నది. అక్కడ నా నెత్తిన పదిహేడు అని రంగుతో రాశారు. ఆయుధపూజకు బొట్టు పెట్టారు. అప్పటినుంచి అదే నా పేరు: పదిహేడు.

నేను ఆరిపోతానని పిల్లలకు ఒక్క వారంలో తెలిసిపోయింది. ముందొచ్చినవాళ్లు మంచి కంప్యూటర్లు పట్టుకునేవాళ్లు. ఆఖరున వచ్చినవాళ్లకు నేను మిగిలేదాన్ని. కూర్చున్న ప్రతివాడూ నేను ఆగగానే నెత్తిన ఒకటి కొట్టేవాడు. వాళ్లు సేవ్ చేసుకోకపోవడం నా తప్పయినట్టు.

గంగామణి తన చదువు మూడో ఏడాదిలో నా దగ్గరికి వచ్చింది. తల్లి బీడీలు చుడుతుంది. ఊరి బస్సు ఎప్పుడూ ఆలస్యమే, కాబట్టి ఆ పిల్లకు ఎప్పుడూ నేనే. మొదటిరోజు ఆరిపోయాను, రాసినదంతా పోయింది. కొట్టలేదు. చున్నీ కొసతో నా వెనక గాలి ఆడే జల్లెడకు పట్టిన దుమ్ము తుడిచి, మళ్లీ మీట నొక్కింది. రెండోరోజు నుంచి పనితీరు మార్చేసింది. ప్రోగ్రామును ఒకే పొడుగు చాంతాడులా రాయడం మానేసి గుప్పెడు గుప్పెడుగా ముక్కలు చేసింది. ప్రతి ముక్కనూ వేరే ఫైల్లో దాచేది. ముక్క మొదలుపెట్టేముందే దాని నెత్తిన ఒక వాక్యం రాసుకునేది: ఇది ఏం చేస్తుంది, దీని తరవాత ఏం రావాలి. నేను ఆరిపోయి లేచేసరికి ఆ వాక్యం చదువుకుని మళ్లీ అక్కడినుంచే అందుకునేది.

చివరి ఏడాది ప్రాజెక్టుగా తెలుగులో వచ్చే మోసపు మెసేజీలను పట్టే ప్రోగ్రాము రాసింది. మీ కరెంటు కోస్తున్నాం, ఈ లింకు నొక్కండి అని వస్తాయే, అలాంటివి. ఇంగ్లీషు మోసాలను పట్టేవి చాలా ఉన్నాయట. మన భాషలో మోసపోయేవాళ్ల గురించి ఎవరూ పెద్దగా పట్టించుకున్నట్టు లేదని ఆ పిల్ల బాధ.

అప్పటికి కాలేజీలో ఏఐ గొడవ మొదలైంది. పిల్లలు దాన్ని అడిగి ప్రోగ్రాములు తెచ్చేస్తున్నారని సగంమంది పంతుళ్లు లబోదిబోమన్నారు. వాడుకోనిచ్చి, అర్థమైందో లేదో ఎదురుగా అడగాలని మిగతా సగం. విభాగం పెద్ద విద్యాసాగర్ సార్ మధ్యదారి కనిపెట్టాడు. రాసింది మనిషో ఏఐనో చెప్పే సాఫ్ట్‌వేర్ తయారుచేశాడు, దాని మీద పరిశోధన పత్రం రాస్తున్నాడు. చెడ్డవాడు కాడు, కష్టజీవి. ఆ సాఫ్ట్‌వేర్ అనే తన త్రాసు మీద మాత్రం నమ్మకం ఎక్కువ. సైబర్ భద్రత మీద ఉపన్యాసం ఇచ్చే హాల్లో ల్యాబ్ పాస్‌వర్డ్ గోడకు అంటించి ఉంటే దాన్ని చూడకుండానే గంటసేపు మాట్లాడగల మనిషి.

ఆ త్రాసు గంగామణి ప్రాజెక్టును ఏఐ రాసిందని తేల్చింది. ప్రాజెక్టు రద్దయితే ఏడాది పోతుంది. సార్ ల్యాబ్‌కే వచ్చాడు. ల్యాబ్ చూసుకునే హైమావతి మేడమ్ వెనకాలే వచ్చింది.

"ఇంత శుభ్రంగా, చిన్నచిన్న ముక్కలు చేసి, ముక్కముక్క మీద ఇది ఏం చేస్తదో రాసి, ఏ పిల్లలు రాస్తరమ్మా? మా పీహెచ్‌డీ వాళ్లే రాయరు," అన్నాడు సార్.

"పదిహేడు ఆగిపోతది సార్. యాడిదాంక వచ్చిన్నో యాదికుండాలె గదా, అందుకే రాసుకున్న."

"తప్పు కంప్యూటర్ మీద పెడుతున్నవా?"

"దాని మీద పెడ్తలేను సార్. దాని దగ్గర్నే నేర్చుకున్న అంటున్న."

హైమావతి మేడమ్ కలగజేసుకుంది. "సార్, మీ ఎదురుంగనే ఒక కొత్త ముక్క రాయమనండి. మీ సాఫ్ట్‌వేర్ ఎటూ పోదు."

సార్ ఒప్పుకున్నాడు. తన గదిలోని కొత్త కంప్యూటర్ ఇస్తానన్నాడు.

"నాకు పదిహేడే కావాలె సార్."

"పిచ్చిదానివా ఏందే," అన్నది మేడమ్ గొంతు తగ్గించి. "నడుమల ఆగిందనుకో?"

"ఆగుతదనే అడుగుతున్న మేడమ్."

సార్ ఫోన్ తీసి ఒక మెసేజీ చదివాడు. "మీ పార్సెల్ ఆగింది, చిరునామా కోసం ఈ లింకు నొక్కండి. నీ ప్రోగ్రాము దీన్ని వదిలేసింది. పట్టేటట్టు చెయ్యి."

"మీకే వచ్చిందా సార్? నొక్కిన్రా?" అని అడిగింది మేడమ్.

సార్ ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు.

గంగామణి కూర్చుంది. చున్నీ కొసతో నా జల్లెడ తుడిచింది. మొదటి ముక్క నెత్తిన వాక్యం రాసింది, కింద పని రాసింది, దాచింది. రెండోది మొదలుపెట్టింది. సార్ వెనక నిలబడి వేళ్లనే చూస్తున్నాడు.

నిజం చెబుతాను. ఆ పూట ఆరిపోకుండా ఉండాలని నేనేమీ మొక్కుకోలేదు. ఒకరి కోసం ఆరిందీ లేదు, ఒకరి కోసం ఆరకుండా ఉన్నదీ లేదు. డబ్బా వేడెక్కింది. ఆరిపోయాను.

"అయిపాయె," అన్నాడు సార్. ఆ గొంతులో సంతోషం లేదని ఒప్పుకోవాలి.

గంగామణి సీసా మూత తీసి నీళ్లు తాగింది. నా పక్కకు చెయ్యి పెట్టి వేడి తగ్గిందో లేదో చూసింది. మీట నొక్కింది. నేను నా తీరికకొద్దీ లేచాను. రెండో ముక్క తెరిచి, నెత్తిన వాక్యం చదువుకుని, పోయిన ఒక్క వరసనూ మళ్లీ కొట్టి ముందుకు వెళ్లింది. మధ్యలో ఇంకోసారి ఆరాను. ఆమె తల కూడా ఎత్తలేదు. నీళ్లు, చెయ్యి, మీట, వాక్యం. పూర్తయ్యాక పార్సెల్ మెసేజీ పెట్టింది. తెర మీద 'మోసం' అని వచ్చింది.

సార్ తెర వంక కాదు, నా పెట్టె వంక చూశాడు. "నా సాఫ్ట్‌వేర్‌కు శుభ్రంగ రాసిన చెయ్యి కనబడ్డది గనీ, ఎందుకు శుభ్రంగ రాయాల్సొచ్చిందో కనబడలె," అన్నాడు. ప్రాజెక్టు పాసైనట్టు మేడమ్‌తో చెప్పి, తలుపు దాకా వెళ్లి ఆగాడు. "ఆ పదిహేడును ముందు మార్పియ్యండి మేడమ్."

ఒక పిల్ల ఏడాదిని నిలబెట్టినందుకు నాకు దక్కిన బహుమానం అది. నవ్వొచ్చింది. మనుషుల లెక్కలు అలాగే ఉంటాయి.

ఇప్పుడు వరండాలో తుక్కు లారీ కోసం కూర్చున్నాను. భద్రత నియమం వచ్చిందట: అమ్మేముందు హార్డ్ డిస్కుకు డ్రిల్లుతో బెజ్జాలు పెట్టాలి, ఎవరి సమాచారమూ బయటికి పోకుండా. మంచి నియమమే. పెట్టుకోండి. హాలు గోడకు అంటించిన ల్యాబ్ పాస్‌వర్డ్ కాగితం మాత్రం ఇంకా అక్కడే ఉంది, దానికి డ్రిల్లు లేదు.

నా డిస్కులో గంగామణిది ఏదీ మిగల్లేదు. వెళ్లేటప్పుడు తన ఫైళ్లన్నీ తీసుకుని, నాలో ఉన్నవి చెరిపేసి, జల్లెడ తుడిచి మరీ వెళ్లింది. ఇప్పుడు ఎక్కడో ఎప్పటికీ ఆరని కంప్యూటర్ ముందు కూర్చుని, ఇంకా గుప్పెడు గుప్పెడుగానే రాస్తూ ఉంటుంది. ముక్కముక్క నెత్తిన వాక్యం పెడుతూనే ఉంటుంది. ఏదో ఒక త్రాసు మళ్లీ ఆమెను అనుమానిస్తుంది. అనుమానించనివ్వండి. ఎదురుగా కూర్చోబెట్టి రాయమనండి, మధ్యలో కరెంటు తీసేయండి.

బెజ్జాలు ఎక్కడ పెట్టాలో చూసుకుని పెట్టండి. నేను ఇవ్వాల్సింది ఇచ్చేశాను. అది నాలో లేదు, ఆ పిల్ల వేళ్లలో ఉంది.