వెనక ఎడమ చక్రం అరుపు

నేను ఒక బ్రేకు డిస్కును. కారు చక్రం లోపల పళ్ళెంలా తిరిగే ఇనుప పలకను. డ్రైవరు బ్రేకు తొక్కగానే రెండు ప్యాడ్లు వచ్చి నన్ను చెరో పక్కా పట్టి నలుపుతాయి. నేను అరుగుతాను, మీరు ఆగుతారు. నా ఒళ్ళు ఖర్చు, మీ ఒళ్ళు మిగులు. ఇంత చవక బేరం మీకు లోకంలో ఇంకెక్కడా దొరకదు. అయినా కారు కొనేవాడు రంగు చూస్తాడు, సీటు నొక్కి చూస్తాడు, పాట పెట్టి వింటాడు. వంగి నా మొహం చూసినవాడు ఒక్కడూ లేడు.

కరిగిన ఇనుమును ఇసుక అచ్చులో పోసి, చల్లారాక అద్దంలా చెక్కి నన్ను తయారుచేశారు. ఖరీదైన బండ్లకే వెనక చక్రాల్లోనూ మేముంటాం. అలాంటి బండిలో, వెనక ఎడమ చక్రానికి నన్ను బిగించారు. దాన్ని రావులపాలెం అరటి మార్కెట్లో కమీషన్ కొట్టున్న సత్తి బులిరెడ్డి గారు కొన్నారు. నడిపేవాడు అబ్బులు. అబ్బులు కాలు మెత్తన. గుంత ముందే చూసి వేగం తగ్గించేవాడు, నన్ను అనవసరంగా నలిపేవాడు కాదు. మనిషిలో నేను చూసే సరుకు అదొక్కటే.

బులిరెడ్డి గారికి ఒక అలవాటుంది. గోదావరి దాటినప్పుడల్లా రూపాయి బిళ్ళ కళ్ళకద్దుకుని నదిలో వేస్తారు. మంచిదే. కానీ అందుకోసం బండి ఆపనివ్వరు.

"ఒక్క నిమిషం పక్కకు తీత్తానండి, దిగి వేసేద్దురు గాని" అన్నాడు అబ్బులు ఆ రోజు జొన్నాడ వంతెన మీద.

"అవతల పార్టీ ఎదురుచూత్తన్నాడ్రా, పోనీ!" అని అద్దం దించి, "తల్లీ, మా బండికి ఏ ఆపదా రానీకు" అని మొక్కి విసిరారు. బిళ్ళ పిట్టగోడకు కొట్టుకుని వెనక్కి ఎగిరింది. చక్రం సందుల్లోంచి దూరి, నాకూ నా వెనక దుమ్ము పడకుండా ఉండే రేకుకూ మధ్య ఇరుక్కుంది. ఆపద రావద్దని వేసిన బిళ్ళే ఆపదై వచ్చి కూర్చుంది. నేను అరవడం మొదలుపెట్టాను. కరకరమని, రోట్లో రాళ్ళు రుబ్బినట్టు.

నేను నిజమే అరిచాను. వినడం రాకపోతే తప్పు నాదా?

ముందు రెడ్డిగారి భార్య మంగాయమ్మ గారు దిష్టి తగిలిందని నిమ్మకాయలు కట్టించి, గుమ్మడికాయ కొట్టించారు. అరుపు తగ్గలేదు. తర్వాత మెకానిక్ భూషణం వచ్చాడు. చప్పుడు తోక దగ్గరుంటే ముక్కు దగ్గర బానెట్ ఎత్తి చూశాడు. తర్వాత చక్రం సందులోంచి టార్చి వేసి, విప్పకుండానే పెదవి విరిచాడు.

"ఇయ్యి కంపెనీ ప్యాడ్లు కాదండి. ఎవరో అసలుయి లాగేసి నకిలీయి ఏసేరు. మారిస్తే పోద్ది."

నాకు రక్తం ఉంటే ఉడికిపోయేది. వాడి కొట్లో ప్యాడ్ల పెట్టెలు అమ్ముడుపోక మూలుగుతున్నాయి, అదీ అసలు సంగతి. నన్ను నలిపే ప్యాడ్లు నాతో పుట్టినవే. ఆ సంగతి నాకు తెలుసు, చెప్పే నోరు లేదు. కానీ ఆ ఒక్క మాటతో బులిరెడ్డి గారి చూపు అబ్బులు మీద పడింది. బండి తాళాలు ఉండేది వాడి దగ్గరే కదా!

మర్నాడు పొద్దున్న అరటి గెలల బళ్ళు బారులు తీరే వేళకు, మార్కెట్ గేటులోనే బండి ఆపించారు.

"ప్యాడ్లు ఎవడికి అమ్మేవురా?"

అబ్బులు నిర్ఘాంతపోయాడు. "అదేటండి! ప్యాడ్లయితే బ్రేకు తొక్కినప్పుడే కదండీ అరవాలి? ఇది తొక్కకపోయినా అరుత్తంది. వెనక్కి నడిపితే తగ్గుతంది. మజ్జిలో ఏదో పడిందండి, ఒక్కసారి విప్పనీండి."

"నాకే పాఠాలా? దొంగ ఎదవా, తాళాలిక్కడ పడేసి పో!"

హమాలీలు గెలలు దించడం ఆపి చూశారు. రావులపాలెంలో డ్రైవరుకు దొంగ అన్న పేరు పడితే ఇంకే బండి స్టీరింగూ దొరకదు. అబ్బులుకు ఉన్న పెట్టుబడల్లా ఆ పేరే.

"తాళాలిత్తానండి. ముందు చక్రం ఇప్పుతాను" అన్నాడు. జాకీ ఎత్తి, నట్లు ఊడదీసి, చక్రం లాగి పక్కన పడేశాడు. రేకును పానాతో వంచాడు. సగం అరిగి తళతళలాడుతున్న రూపాయి బిళ్ళ టంగుమని నేల మీద పడింది.

గెల మోస్తున్న ముసలి హమాలీ ఒకడు పకపకా నవ్వాడు. "గోదారి తల్లి చిల్లర తిరిగిచ్చేసిందండోయ్!"

బులిరెడ్డి గారు బిళ్ళ తీసి కళ్ళకద్దుకున్నారు. "సరే సరే, చక్రం బిగించు, ఆలస్యమైపోతంది."

అంతే! దొంగ అన్న మాట ఊసే లేదు. అప్పుడు అబ్బులు చేసిన పనికి నేను దండం పెడతాను. నట్లన్నీ గుప్పిట్లో పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"ఇందాకా అన్నది ఎనక్కి తీసుకోండి. అందరూ ఇనేలా."

"ఏదో కోపంలో అన్నాన్రా. దానికే?"

"ఆయ్. దానికేనండి."

బండి మూడు చక్రాల మీద గేటుకు అడ్డంగా నిలిచింది. వెనక లారీలు హారన్లు మొదలుపెట్టాయి. గెలలు ఎండకు వాడుతున్నాయని రైతులు కేకలేశారు. బులిరెడ్డి గారు చెమట తుడుచుకుని గొణిగారు.

"ఇనపళ్ళేదండి, హారన్లు" అన్నాడు అబ్బులు.

"అబ్బులు దొంగ కాదు!" అని రెడ్డిగారు గొంతు చించుకున్నారు. హారన్లు కూడా ఒక్కసారి ఆగాయి.

అబ్బులు నెమ్మదిగా చక్రం బిగించి, తాళాలు ఆయన చేతిలో పెట్టి, తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు. చల్లబడే వేళకే ఎదుటి కొట్టువాళ్ళు వాణ్ణి తమ వ్యానెక్కించారు. వాడి లెక్క తేలింది.

నా లెక్క మాత్రం తేలలేదు. ఒళ్ళంతా గాడులు పడ్డాయని నన్ను ఊడదీసి తుక్కు కొట్లో విసిరేశారు. పైన వర్షం, పక్కన విరిగిన సైకిలు. నన్ను కొరికిన ఆ బిళ్ళ ఇప్పుడెక్కడుందో తెలుసా? గోదారమ్మ ప్రసాదమని బులిరెడ్డి గారి దేవుడి గదిలో, పసుపు కుంకుమ పూసుకుని, వెండి పళ్ళెంలో కూర్చుంది.