బావ రెండు, మరదలు నాలుగు

ఆ ఇంట్లో వారం రోజులుగా గొడవంతా ఎలక్ట్రాన్ల వేడి గురించే. బావ రెండంటాడు, మరదలు నాలుగంటుంది. తగువు తీర్చాల్సిన అక్కకి ఎలక్ట్రాన్లతో బొత్తిగా పరిచయం లేదు.

"ఒకటే గాజు గది, ఒకటే గ్యాసు. ఒకరికి చల్లగానూ ఇంకొకరికి రెట్టింపు వేడిగానూ ఎలా ఉంటుందే?" అంది అక్క, కంచాలు తీస్తూ.

"బావ కొలిచినప్పుడు నిద్రపోతున్నాయేమోలే," అంది మరదలు.

"నా రిపోర్టు సంతకాలై, అట్ట వేసుకుని అల్మారాలో కూర్చుంది. రేపు సెమినార్‌లో నీ నాలుగుని నిలబెట్టు, చూద్దాం," అన్నాడు బావ. మరదలు పరిశోధన చేసే ల్యాబులోనే అతను సీనియరు. ముందు వరుసలోనే కూర్చుంటానని బెదిరించాడు కూడా.

ప్లాస్మా అంటే కరెంటు తగిలి ఊదారంగులో వెలిగే పల్చటి గ్యాసు. దాని వేడి చూడ్డానికి థర్మామీటరు పనికిరాదు. సన్నటి టంగ్‌స్టన్ తీగ మొన లోపలికి పెట్టి, దానికిచ్చే వోల్టేజీని కొద్దికొద్దిగా పెంచుతూ, ఎంత కరెంటు వస్తోందో గ్రాఫు గీస్తారు. ఆ కరెంటుకి లాగరిథమ్ తీసి మళ్ళీ గీస్తే, మధ్యలో కొంత మేర తిన్నటి గీత వస్తుంది. గీత నిటారుగా లేస్తే ఎలక్ట్రాన్లు చల్లన, వాలి పడుకుంటే వేడి. ఆ వేడి రెండు ఎలక్ట్రాన్ వోల్టులో నాలుగో ఆ వాలే చెబుతుంది. మరదలి గీత హాయిగా వాలి పడుకుంది. బావ పాత లెక్కకి రెట్టింపు ఎందుకొచ్చిందో అందరి ముందూ చెప్పగలిగితేనే ఆ కొలతలు థీసిస్‌లోకి వెళ్తాయని గైడు ముందే తేల్చేశాడు.

మర్నాడు పొద్దున్నే, తెర మీద చూపించడానికి ఇంకో అందమైన గ్రాఫు తీద్దామని ఆమె ల్యాబుకి వచ్చింది. ఎప్పటిలాగే వోల్టేజీని కింది నుంచి పైకి తీసుకెళ్ళింది. మామూలుగా అయితే అక్కడితో ఆపి, నాబ్‌ని గిర్రున వెనక్కి తిప్పేసేది. ఈ పూట తొందరేమీ లేదు కనక, దిగేటప్పుడు కూడా అంకెలు రాసుకుంటూ దిగింది. రెండూ ఒకే కాగితం మీద గీస్తే, ఎక్కిన దారీ దిగిన దారీ కలవలేదు. చేప నోరు తెరిచినట్టు మధ్యలో ఖాళీ.

లోపల గ్యాసు మారలేదు, పీడనం మారలేదు. అంటే మొనకి మురికి పట్టింది. ఆ పొర గీతని వాల్చేసి, లేని వేడి చూపిస్తోంది.

అంతలో బావ రెండు కప్పుల టీతో వచ్చి, ఆమె భుజం మీంచి తొంగిచూశాడు.

"అయ్యో పాపం," అన్నాడు, జాలి మచ్చుకైనా లేని గొంతుతో.

"నవ్వండి బావా, ఇవాళ మీ రోజు."

"నవ్వుతాలే, టీ తాగాక. ముందు మొన కాల్చు, మురికి పోతుంది."

"కాలిస్తే నా నాలుగు పోతుంది."

"కాల్చకపోతే ఉంటుందా?"

ఆమె ప్లస్ వైపు వోల్టేజీ బాగా పెంచింది. ఎలక్ట్రాన్లు ఎగబడ్డాయి. గది గాజులోంచి చూస్తే మొన ఎర్రటి చుక్కలా వెలుగుతోంది. కాసేపుంచి, చల్లారనిచ్చి, మళ్ళీ ఎక్కి దిగింది. ఈసారి రెండు గీతలూ బుద్ధిగా ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

"గియ్యి, గియ్యి. నా రెండు ఎలా వస్తుందో చూడు," బావ చేతులు రుద్దుకున్నాడు.

మైనస్ వైపు చివర, సున్నాకి కిందుగా దాదాపు అడ్డంగా సాగే భాగం ఎలక్ట్రాన్లది కాదు, ప్లస్ చార్జి ఉన్న అయాన్లది. ఆమె దాన్ని స్కేలుతో ముందుకి పొడిగించి, ఆ వాటా మొత్తం కరెంటులోంచి తీసేసింది. మిగిలిన ఎలక్ట్రాన్ల వాటాకి లాగరిథమ్ తీసి, గీత గీసి, వాలు చూసింది.

మూడు.

"మూడేమిటి?" అన్నాడు బావ. "నాకు రెండే వచ్చిందే. ఆ అయాన్ల గోల నేను పెట్టుకోలేదనుకో. పిసరంత కరెంటు, దాన్నేం తీస్తాంలే అని."

మరదలు పెన్సిల్ పక్కన పెట్టి అతనివైపు తిరిగింది. "ఆ పిసరు తియ్యకపోతే కింది కొస కుంగిపోయి, గీత నిటారుగా లేస్తుంది కదా బావా?"

బావ నోటి దాకా తెచ్చిన కప్పు అక్కడే ఆగింది. మనసులో లెక్క వేసుకుని తెల్లమొహం వేశాడు.

"మీ అక్కకి చెప్పకు," అన్నాడు చివరికి.

మధ్యాహ్నం సెమినార్‌లో ఆమె మంచి గ్రాఫు ఒక్కటే చూపించి ఊరుకోవచ్చు. కానీ ముందుగా నోరు తెరిచిన చేపనే తెర మీద పెట్టింది. "నాలుగని ఇన్నాళ్ళూ ఊరంతా చాటుకున్నాను. అది మొనకి పట్టిన మురికి. అసలు లెక్క మూడు," అంది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"మూడు బాగానే ఉంది. మరి పాత రిపోర్టులో రెండు మాటేమిటి?" అన్నాడు గైడు.

ఆమెకి జవాబు తెలుసు. కానీ ముందు వరుసలో ఉన్న మనిషి తప్పుని అందరి ముందూ ఎలా చెప్పడం? థీసిస్ మాట గుర్తొచ్చి చేతిలో కాగితాలు నలిగాయి.

బావ గొంతు సవరించుకుని లేచాడు. "ఆ ఘనకార్యం నాదేనండి. అయాన్ల వాటా తియ్యడం మానేశాను."

గైడు నవ్వాపుకున్నాడు. "అయితే వచ్చి తీసి చూపించు. వాలు సరిగ్గా వస్తే ఆ అమ్మాయి కొలతలు థీసిస్‌లోకి వెళ్తాయి."

బావ బోర్డు దగ్గరికొచ్చి, అక్కడ అంటించిన ఆమె గ్రాఫు మీద స్కేలు ఆనించాడు. అది అయాన్ల గీతకి కొంచెం పైన పడింది.

"కాస్త కిందికి, బావా," అంది ఆమె గొణుగుతూ.

"గీసేది నేనా నువ్వా?" అని అంతే మెల్లగా విసుక్కుని, అతను స్కేలు కిందికి దించాడు.