చువ్వ దిగిన లోతు

పరశురాం వాకిట్లో గడ్డి చచ్చిపోతోంది. గోడ అవతల యోహాను వాకిట్లో గడ్డి పచ్చగా ఉంది. రెండూ ఒకే గడ్డి. రెండూ హన్మమ్మ చేతి మీదుగా వచ్చినవే. పరశురాం కడుపు మండేది అక్కడే.

హన్మమ్మ అతని భార్య. అనంతగిరి కింద ఒక నర్సరీలో పదేళ్లు కూలికి పోయింది. వికారాబాద్‌లో ఇల్లు కట్టుకున్నాక వాకిలంతా తాండూరు బండలు పరిపిస్తానని పరశురాం అంటే, సగం తనకు వదలమంది. వదిలిన సగంలో గడ్డి నాటింది. మిగిలిన గడ్డి వేళ్లు గోడ మీదుగా యోహానుకు ఇచ్చింది. మూడేళ్లు రెండు వాకిళ్లూ ఒక్క తీరుగా ఉన్నాయి. మొన్న శివరాత్రికి ముందు ఆమె పోయింది. ఆమె చేత్తో పెట్టినవాటిలో ఆ ఇంట్లో ఇంకా ప్రాణంతో ఉన్నది ఆ గడ్డి ఒక్కటే. ఇప్పుడదీ పోతోంది.

నీళ్లు పట్టక కాదు. నలభై ఏళ్లు గొర్రెలు కాసినవాడు పరశురాం. మంద ఎండ నడినెత్తికి వచ్చినప్పుడు నీళ్లకు దిగుతుంది, రోజూ దిగుతుంది. గడ్డికీ అదే లెక్క వేశాడు. రోజూ మధ్యాహ్నం పైపు పట్టుకుని ఈ మూల నుంచి ఆ మూలకు తడిపేవాడు. పక్కనున్న బండలు పొయ్యి మీది పెనంలా కాలుతుండేవి. సాయంత్రానికి మట్టి మళ్లీ పొడి. వైశాఖం వచ్చేసరికి బోరు సన్నబడింది, గడ్డి గోధుమ రంగుకు తిరిగింది.

యోహాను పైపు పట్టుకోగా అతను చూడనే లేదు. రెండో మోటారు పెట్టాడనుకున్నాడు. ఏదో మందు చల్లుతున్నాడనుకున్నాడు. ఉండబట్టలేక యోహాను భార్య సంతోషమ్మను అడిగితే, వారానికి రెండు రోజులు పట్టడానికే ఆయనకు బద్ధకమని ఆమె నవ్వింది. పరశురాం నమ్మలేదు. మొగుడూ పెళ్లాలు కలిసి దాస్తున్నారనుకున్నాడు.

ఒక సోమవారం తెల్లవారుతుండగా చెప్పులు విడిచి యోహాను గేటు తీశాడు. గడ్డి దాహం కాపరికి అరికాలు చెబుతుంది. తొక్కి కాలు తీస్తే వెంటనే లేచిందా, దానికి నీరు ఉన్నట్టు. అడుగు అట్లాగే పడి ఉందా, లేనట్టు. తొక్కాడు. కాలు తీసేలోగా లేచింది. తన వాకిట్లోకి వచ్చి తొక్కాడు. అడుగు అచ్చు పడింది. మళ్లీ పోయి తొక్కుతుంటే యోహాను పైపుతో బయటికి వచ్చాడు.

“ఏందన్నా, మేపనీకి జాగ దొరకలేదా?”

“ఏం మందు కొడ్తున్నవ్?”

“మందెక్కడిది. సోమారం, గురువారం నీళ్లు పడ్త. గంతే.”

“అబద్ధం.”

యోహాను వాదించలేదు. గోడ సందులోంచి ఒక సైకిల్ చువ్వ తీసి గడ్డిలో గుచ్చాడు. నీళ్లు పట్టి నాలుగు రోజులైనా జానెడు దిగింది. పరశురాం వాకిట్లోకి వచ్చి గుచ్చాడు. రెండు వేళ్ల లోతున ఆగిపోయింది.

“నువ్వు రోజు దాని మూతి తడుపుతున్నవ్ అన్నా. కడుపులకు పోతలేవు. నీళ్లు పైన్నే ఉంటే వేర్లు పైన్నే ఉంటయ్, ఎండకు మాడ్తయ్. తెల్లారంగ పట్టు. చువ్వ జానెడు దిగేదాక పట్టు. మల్ల మూడు పొద్దులు ముట్టకు.”

“గొర్రెలకు రోజు తాపాలె.”

“గడ్డి గొర్రె గాదన్నా.”

పరశురాం చువ్వ వైపు చూశాడు. ఒక కొస తుప్పు పట్టి ఉంది. “నీకెవలు చెప్పిండ్రు?”

“వదిన. చువ్వ గూడ ఆమెదే. నీ పాత సైకిల్‌ది.”

హన్మమ్మ పొద్దున్నే ఆ గోడ దగ్గర నిలబడేది. అతను లోపల చాయ్ తాగుతుండేవాడు.

“నాకెందుకు చెప్పలే?”

“చెప్పిందట. గొర్రె మేయని గడ్డికి నీళ్లెందుకని నవ్వినవంట.”

అప్పుడు నవ్వాడు. గుర్తుంది.

చువ్వ యోహాను చేతిలోంచి లాక్కుని లోపలికి పోయాడు. మళ్లీ తిరిగి ఇవ్వలేదు. యోహాను అడగలేదు, విరిగిన గొడుగు పుల్ల ఒకటి వెతుక్కున్నాడు. మృగశిర నాటికి పరశురాం గడ్డిలో చువ్వ జానెడు దిగింది, అడుగు వేస్తే లేచింది. బాగైందని సంతోషమ్మ గోడ మీద నుంచి మెచ్చుకుంటే, ఆమె మొహం కూడా చూడలేదు.

వానలు పడ్డాక గోడ దగ్గరికి వచ్చాడు. వానాకాలం ఎట్లా పట్టాలని అడిగాడు. వాన సంగతి కాపరికి ఒకరు చెప్పాలా. అయినా అడిగాడు.

“వదిన ఏమనేదంటే,” అని యోహాను మొదలుపెట్టాడు. వాన పడ్డన్ని రోజులు పైపు చుట్టి పెట్టమనేదట. వారం వాన లేకపోతేనే చువ్వ గుచ్చి చూడమనేదట.

పరశురాం చివరిదాకా విన్నాడు. తనకు తెలియని హన్మమ్మ మాట ఒక్కటైనా వీడి దగ్గర ఉండొద్దు. తలైనా ఊపకుండా వెనక్కి తిరిగాడు. చలికాలం సంగతి దీపావళికి అడగాలనుకున్నాడు.