ఎడిటర్ మింగిన చివరి పంక్తి

ఫ్యాను రెక్కలకు పట్టిన దుమ్మును ఈ సెలవుల్లోనైనా దులిపించాలి, అని ల్యాబు సహాయకురాలు కోమలి అనుకుంటూ ఉండగానే పదకొండో కంప్యూటర్ దగ్గర దొరస్వామి గారి గొంతు లేచింది, చిత్తూరు నుంచి పరీక్షకుడిగా వచ్చిన పెద్దమనిషి, ప్రోగ్రాముకు ముగింపు బ్రాకెట్టే లేదు కదమ్మా, ఇది యాడ నడుస్తాది, అంటున్నాడు, ఇప్పుడే నడిచినాది సార్, సేవ్ చేసేదానికి ముందర నేను సూసినాను, అంటున్నది అనీసా, సత్యవేడు కాలేజీ నుంచి రెండు బస్సులు మారి తిరుపతికి వచ్చిన పిల్ల, పోయినసారి జ్వరంతో ఈ పరీక్ష పోయింది, ఇదే ఆఖరి అవకాశమని పొద్దున హాల్ టికెట్ చూపిస్తూ తానే చెప్పింది, అబద్ధమాడే ముఖం కాదు, ఆ బ్రాకెట్ ఏమైందో కోమలికి తెలుసు, ప్రోగ్రాములు రాసే ఈ నీలం తెర పాత ఎడిటర్ సేవ్ చేసేటప్పుడు చివరి పంక్తిని మింగివేస్తుంది, ఆరేళ్ళుగా మింగుతూనే ఉంది, అందుకే దానికి మేతగా ఒక పంక్తి అదనంగా వేయమని తన విద్యార్థులకు తానే నేర్పింది, రెండు ఏటవాలు గీతలు పెట్టి ఏదో ఒక మాట రాయండి, కంప్యూటర్ దాన్ని లెక్కలోకి తీసుకోదు, పోయినా నష్టముండదు, అని, వాళ్ళు తిరుపతి పిల్లలు, గోవిందా అని రాశారు, అదే ఆచారమైంది, దీనికి ముడుపు కట్టకుంటే పని కాదు మేడమ్, అని వాళ్ళలో రూపశ్రీ అన్న రోజున తానూ నవ్వింది, తన ఉపాయానికి లోలోపల గర్వపడింది కూడా.

సేవ్ చేయకముందే పక్క తెరలు చూసి అనీసా అడగనే అడిగింది, అందరూ కడాన గోవిందా అని రాస్తాండారే, నేనూ రాయాల్నా మేడమ్, అది వాళ్ళ మొక్కులేమ్మా, నీకెందుకు, నీ పని సూసుకో, అన్నది తాను, తలమీద ముసుగు వేసుకున్న పిల్లతో ఆ మాట రాయించడమేమిటని వెనుకాడింది, దానినే మర్యాద అనుకున్నది, ఏ మాటైనా సరే, మీ అమ్మ పేరైనా రాయి, అనడానికి ఎంతసేపు పట్టేది, లేక దొరస్వామి గారు వింటే ఇన్నేళ్ళు ఈ లోపాన్ని కాగితం మీద ఎందుకు పెట్టలేదని అడుగుతాడనా, తనది ఏటేటా పొడిగించే ఉద్యోగం, అడిగితే ఏమని చెప్పాలి, మర్యాద వెనుక దాక్కున్నది ఈ భయమేనా.

సేవ్ చేసినంక ముట్టుకోకూడదు పాపా, రూలు రూలే, అంటూ ఆయన ఎర్ర పెన్ను మూత తీశాడు, అనీసా తన వేళ్ళ వంక చూసుకుంటున్నది, నేనే మరిచిపోయినానేమో సార్, అంటున్నది, చిన్నగా, తనది కాని తప్పును తనదేనని ఒప్పుకుంటున్నది, ఆ మాట చెవిన పడగానే కోమలి మనసులో మిగిలిన వాదాలన్నీ అణిగిపోయాయి, తాను నోరు మెదపకుండా కూర్చున్నంతసేపూ ఆ మార్కుల కాగితం మీద సున్నా వేసే చెయ్యి తనదే, కుర్చీ వెనక్కు జరిగిన చప్పుడుకు పరీక్షకుడు తలెత్తాడు, పెన్ను ఆపండి సార్, దీంట్లో సేవ్ చేస్తే ఏమవుతాదో నేను సూపిస్తాను, ఆరేండ్లుగా నాకు తెలుసు.